నది లేని దేశంలో పరానా

దోహాలోని మదీనత్ ఖలీఫాలో మేం అద్దెకుంటున్న విల్లాను దాని యజమాని ఎప్పుడో అడ్డగోడలు కట్టి పోర్షన్లుగా చేశాడు. వెనకవైపు పోర్షన్ మాది. మా ఆయన ఒక కంపెనీలో సర్వేయరు, నేను ఇండియన్ స్కూల్లో జాగ్రఫీ టీచర్ని. కొన్నేళ్ళ కింద ముందువైపు పోర్షన్‌లోకి ఒక అర్జెంటీనా అమ్మాయి వచ్చింది. ఆడవాళ్ళ జిమ్‌లో ఈత నేర్పే ఉద్యోగం ఆమెది. ముప్పై దాటి ఉంటుంది, ఒక్కతే ఉండేది.

ఆమె దిగిన రోజే గేటు దగ్గర పలకరించాను. ఏ ఊరని అడిగితే రొసారియో అంది. పాలో చక్కెరో కావాలంటే మొహమాటపడకుండా అడగమని చెప్పి లోపలికి వచ్చేస్తే సరిపోయేది. కానీ తెలిసిన ఊరిపేరు చెవిన పడితే నాలోని టీచర్ నిద్ర లేస్తుంది.

"అయితే పరానా నది ఒడ్డున!" అన్నాను.

ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. దోహాలో ఆ పేరు తెలిసిన మనిషి ఆమెకు అంతవరకూ తగల్లేదట. ఇక నేను ఆగలేదు. పరానా బ్రెజిల్లో ఎక్కడ మొదలవుతుందో, పరాగ్వే పొలిమేర పట్టుకుని ఎలా కిందికి దిగుతుందో, దాని మీద ఎంత పెద్ద ఆనకట్ట ఉందో, చివరికి ఉరుగ్వే నదిని కలుపుకుని అట్లాంటిక్‌లో ఎలా పడుతుందో అంతా వేలితో గాల్లో గీతలు గీస్తూ చెప్పాను. అమెజాన్ తర్వాత దక్షిణ అమెరికాలో పొడవైన నది అదేనని కూడా గుర్తు చేశాను, ఆమె మరిచిపోయి ఉంటుందేమోనని. ఆమె చేతిలో సూపర్‌మార్కెట్ సంచీ ఉంది. అందులోని ఐస్‌క్రీమ్ కరిగి బొట్లు బొట్లుగా ఆమె చెప్పుల మీద పడుతోంది.

"అవునండీ," అంది చివరికి, చాలా మర్యాదగా. "మా వంటింటి కిటికీలోంచి కనబడుతుంది."

ఇంత జరిగినా ఆమె నాతో స్నేహం చేసింది. నన్ను అక్కా అని పిలవడం నేర్పాను. ఆ "అక్కా"లో రెండో అక్షరం దగ్గర ఆమె నాలుక కాస్త జారేది. రెండో శీతాకాలం మొదలవుతుండగా ఒకరోజు వచ్చి, "మా నాన్న వస్తున్నాడక్కా, కొన్ని నెలలు ఉంటాడు," అంది. అమ్మ పోయాక ఆయన రొసారియో ఎదురుగా నదిలో ఉన్న ఒక దీవిలో గుడిసె వేసుకుని ఎక్కువగా అక్కడే ఉంటున్నాడట. ఆయనకొక లాంచీ ఉంది. సెలవు రోజుల్లో ఊరి జనాన్ని స్నానాలకూ వనభోజనాలకూ దీవులకు దాటించడం ఆయన పని. ఈమధ్య దగ్గు పట్టుకుందట, ఇక్కడి పొడిగాలికి తగ్గుతుందని ఆమె బలవంతంగా పిలిపించుకుంటోంది.

"మీకు బాగా కుదురుతుంది. ఆయనకూ నది పిచ్చే," అంది.

పెద్దాయన వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎండకు కాలి రాగిచెంబు రంగుకు తిరిగిన మొహం, నెత్తిన ఎప్పుడూ ఒక గుడ్డ టోపీ. స్పానిష్ తప్ప మరో ముక్క రాదు. మా జగిత్యాల వైపు పెద్దవాళ్ళను గౌరవంగా కాక అంటాం. నేను రెండు చేతులూ జోడించి, "నమస్తే కాకా!" అన్నాను, గట్టిగా, వరస కలుపుతూ. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. కూతురు గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుంది. స్పానిష్‌లో ఆ మాటకు పసిపిల్లలు వెళ్ళే 'రెండుకి' అని అర్థమట. వచ్చిన అతిథిని వాకిట్లోనే నేను ఏమని పిలిచానో తెలిశాక ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాటి నుంచి బాపూ అని పిలిచాను. పిలిచే ముందు అర్థం కనుక్కున్నాను.

ఆయన నన్ను "ప్రొఫెసోరా" అనేవాడు. అర్జెంటీనా నుంచి వచ్చిన మనిషికి నా విలువ వారంలోనే తెలిసిపోయిందని మురిసిపోయి, మా ఆయన వినేలా ఆ మాటను ఫోన్లో అందరికీ చెప్పాను. అక్కడ బడిపంతుళ్ళందరినీ అలాగే అంటారని కూతురు చెప్పేసరికి సగం జగిత్యాలకు నేను ప్రొఫెసర్నైపోయాను. ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ సవరించి చెప్పలేదు.

సాయంత్రాలు ముంగిట్లో కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. వాళ్ళు చిన్న ఎండు సొరకాయ బుర్రలో మాతే అనే ఆకు నింపి, వేడినీళ్ళు పోసి, ఒకే లోహపు గొట్టంతో అందరూ వంతులవారీగా పీల్చుకుంటారు. ఎంగిలి అనే మాటను ఎలా చెప్పాలో తెలియక మొదటిసారి కళ్ళు మూసుకుని తాగాను. చేదు. కళ్ళు తెరిచి చాలా బాగుందన్నాను. ఆ తర్వాత రోజూ ఇచ్చారు.

అక్కడే మా పోటీ మొదలైంది. ఆయన పరానా గొప్పలు చెప్తాడు, కూతురు ఇంగ్లీషులోకి మారుస్తుంది, నేను గోదావరితో జవాబిస్తాను. రొసారియో ఎత్తైన గట్టు మీద ఉంటుందట. ఎదురుగా అవతలి ఒడ్డు కనబడదు, దీవులే దీవులు, వాటి మధ్య వాగులు, మడుగులు, రెల్లు. జనవరి అక్కడ మండువేసవి. ఊరు ఊరంతా నదిలోనే ఉంటుందట. కయాకులనే సన్నటి తెడ్డు పడవలు వేసుకుని కొందరు, లాంచీల్లో కొందరు, ఇసుక మీద నిప్పులు పేర్చి చేప కాల్చుకునేవాళ్ళు కొందరు. నీళ్ళు టీ రంగులో ఉన్నా అది మురికి కాదు, ఒండ్రు, అని వేలు చూపించి మరీ చెప్పాడు. అందులో మీసాల చేప ఒకటుందట, సురుబీ అంటారు, తాను పట్టినదాని తోక లాంచీ బయట వేలాడిందట.

"పోయినవారం చెప్పినప్పుడు లాంచీలోనే పట్టింది," అంది కూతురు, అనువాదం ఆపి.

నేనేం తక్కువ తిన్నానా? "నేను గోదావరి ఒడ్డున పుట్టి పెరిగాను," అన్నాను. నిజానికి ధర్మపురి దగ్గరి గోదావరి మా ఇంటికి బస్సులో గంట దూరం. వానాకాలంలో రేవు మెట్లన్నీ ముంచేసే వరద గురించి చెప్పాను. దొప్పల్లో వదిలిన దీపాలు బారులు తీరి పోవడం గురించి చెప్పాను. ఆయన శ్రద్ధగా వింటుంటే నాకు ఊపొచ్చింది. "చిన్నప్పుడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదేదాన్ని," అనేశాను.

మా ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. "నువ్వు గోదావరి ఎప్పుడు ఈదినవే? బకెట్ల నీళ్ళు మొహం మీద పడితేనే ఊపిరాడదంటవు గదా!" అన్నాడు తెలుగులో.

"మీరు జర ఊకోండ్రి," అన్నాను.

ఆయనేమంటున్నాడని పెద్దాయన అడిగించాడు. అవునంటున్నాడని చెప్పాను.

వచ్చిన మొదటి వారంలోనే పెద్దాయన అడిగిన ప్రశ్న ఒకటుంది. ఇక్కడి నది ఏ వైపు? ఖతార్‌లో నది లేదని చెప్తే నమ్మలేదు. చిన్నదైనా ఉంటుంది కదా అన్నాడు. చిన్నది కూడా లేదు. వాన పడితే లోతట్టున నాలుగు రోజులు నీళ్ళు నిలుస్తాయి, అంతే. ఊళ్ళో మా చిన్నమ్మకు ఈ సంగతి చెప్తే ఆమె కూడా నమ్మలేదు. "దుబాయ్ల నది లేదా? మరి బట్టలు యాడ పిండుతున్నరు బిడ్డా?" అంది. ఇన్నేళ్ళలో నేనున్నది ఖతార్ అని ఆమెకు చెప్పి చెప్పి మానేశాను.

ఆయనకు నీళ్ళు చూపించే బాధ్యత నేను నెత్తికెత్తుకున్నాను. సముద్రం ఒడ్డునున్న కార్నిష్‌కు తీసుకెళ్తే రాళ్ళ మీదికి వంగి నీళ్ళు రుచి చూసి ఉమ్మేశాడు. లోపల కాలువ కట్టి పడవలు తిప్పే ఒక పెద్ద మాల్‌కు తీసుకెళ్తే చెయ్యి ముంచి, వాసన చూసి, "క్లోరిన్," అన్నాడు. ఆ ఒక్క మాటకు అనువాదం అక్కర్లేకపోయింది. చివరికి నాకు బ్రహ్మాండమైన ఆలోచన తట్టింది. దోహాకు దూరంగా ఎడారిలో ఒక పెద్ద మడుగుంది. శుద్ధిచేసిన మురుగునీరు నిలిపిన చోటు, చుట్టూ రెల్లు పెరిగి పక్షులు చేరాయి. దాని పేరు కరానా.

"బాపూ, మీకు పరానా, మాకు కరానా!" అన్నాను. ఈ ప్రాసకు నాకు నేనే పొంగిపోయాను.

శుక్రవారం పొద్దున తండ్రీకూతుళ్ళను ఎక్కించుకుని మా ఆయన కారు తీశాడు. రాజహంసలు, కొంగలు, బాతులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. పెద్దాయన రెల్లు పక్కన చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయన మొహం తేటపడింది. తర్వాత ఈ నీళ్ళు ఎక్కడివని అడిగాడు. నేను మురుగునీటి శుద్ధి గురించి మెట్టు మెట్టుగా పాఠం చెప్పాను. మొత్తం విని, "అంటే ఇందులో మన విల్లా నీళ్ళు కూడా ఉండొచ్చన్నమాట," అని, టోపీ తీసి మడుగుకు దణ్ణం పెట్టాడు, పాత పరిచయస్తుడు కనబడినట్టు. నా బ్రహ్మాండమైన ఆలోచనకు దక్కిన గౌరవం అది.

ఇక కయాక్ సంగతి. అల్ ఖోర్ దాటాక థకీరా దగ్గర మడ అడవులున్నాయి. సముద్రం పోటెక్కినప్పుడు చెట్ల మధ్య పాయల్లోకి నీళ్ళు వస్తాయి, అప్పుడు కయాకుల్లో తిరగొచ్చు. ఆటు మొదలైతే అంతా బురద. తండ్రిని అక్కడికి తీసుకెళ్దామని ఆ అమ్మాయి అనగానే, "పోటు ఎప్పుడో నేను చూస్తాను, నాకొదిలెయ్," అన్నాను. ఏటా పిల్లలకు పోటూ ఆటూ బొమ్మలు గీసి చెప్పే మనిషిని. ఫోన్లో చూసి సమయం చెప్పాను. ఆ చూసిన సమయం సరైనదే, కాకపోతే మర్నాటిది.

వెళ్ళేసరికి నీళ్ళు బాగానే కనబడ్డాయి. అవి వస్తున్నాయో పోతున్నాయో నేను గమనించలేదు. ఇద్దరిద్దరు కూర్చునే కయాకులు రెండు తీసుకున్నాం. ఒకదానిలో మా ఆయన, ఆ అమ్మాయి. రెండోదానిలో ముందు నేను, వెనక పెద్దాయన. నేను తెడ్డు తిరగేసి పట్టుకున్నానని ఆయన చాలాసేపు చెప్పలేదు. ఆయనే ఇద్దరి తెడ్డూ వేశాడు. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పీతలు పక్కకు పరుగెత్తుతున్నాయి. నీళ్ళమీద ఎండ కదులుతోంది. వెనకనుంచి ఆయన సన్నగా ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నేను పడవ నడుపుతున్నాననే అనుకున్నాను.

ఒక మలుపు తిరిగాక కింద గరగరమంది. పడవ ఆగింది. నీళ్ళు మా కళ్ళముందే జారిపోతున్నాయి. అవతలి కయాకులోంచి ఆ అమ్మాయి, "అక్కా, పోటు ఎప్పుడన్నారు?" అని అరిచింది. నేను ఫోన్ తీసి తేదీ చూసి మళ్ళీ లోపల పెట్టేశాను.

పెద్దాయనకు మాత్రం పండగొచ్చినట్టయింది. ప్యాంటు మడిచి బురదలోకి దిగి, తాడు భుజాన వేసుకుని లాగడం మొదలుపెట్టాడు. లాగుతూ నవ్వుతూ ఏదో చెప్తున్నాడు. పరానాలో నీళ్ళు అడుగంటిన సంవత్సరాల్లో లాంచీ ఇలాగే లాగేవాణ్ణి అంటున్నాడని కూతురు దూరంనుంచి అనువదించింది. అడుగంటడమా? ఆయన చెప్పిన పరానాలో ఎప్పుడూ వరదే తప్ప ఆ మాట లేదే అనుకున్నాను. మహారాణిలా కూర్చుని లాగించుకోవడం సిగ్గనిపించి, బరువు తగ్గిద్దామని లేచి నిలబడ్డాను.

పడవలో నిలబడకూడదని నాకెవరూ చెప్పలేదు. కయాక్ ఒక పక్కకు ఒరిగి నన్ను బోర్లా పడేసింది. నోట్లోకి ఉప్పునీళ్ళు, బురద. "మునిగిపోతున్నా! పట్టుకోండ్రి!" అని చేతులు కాళ్ళు కొట్టుకున్నాను.

"లేచి నిలబడు!" అని మా ఆయన అరిచాడు. "మోకాళ్ళ లోతే!"

నిలబడ్డాను. నిజంగానే మోకాళ్ళు కూడా మునగలేదు. గోదావరి ఈదిన మనిషిని, జుట్టునిండా నాచుతో. పెద్దాయన తాడు వదిలేసి నవ్వడం మొదలుపెట్టాడు. వంగి, తొడలు చరుచుకుంటూ నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగలేదు. మేం ఇంకా నవ్వుతూనే ఉన్నాం, ఆయన బురదలో కూర్చుండిపోయేదాకా. పెదాలు నల్లబడ్డాయి, గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. కూతురు కయాకులోంచి దూకి పరుగెత్తుకొచ్చింది.

ఆయన్ను పడవలో పడుకోబెట్టి ముగ్గురం లాగాం. ఆ దారంతా నేను ఏం చేశానో సరిగ్గా గుర్తులేదు. చెప్పులు బురదలో పోయాయని ఆసుపత్రిలో చలువరాళ్ళు తగిలినప్పుడు తెలిసింది.

దగ్గర్లోని ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. అక్కడి నర్సు మా ఇద్దరి మాటలు విని, "మీరు తెలుగోళ్ళా? మాది కరీంనగర్," అంది. బురద ఎండిన నా మొహం చూసి మరేమీ అడక్కుండా తడి తువ్వాలు తెచ్చిచ్చింది. డాక్టర్ ఎక్స్‌రే చూసి, ఎక్కువకాలం పొగలో ఉన్నాడా అని అడిగాడు. సిగరెట్లా? లేదు. కట్టెల పొయ్యా? అదీ కాదు. కూతురు తండ్రి వైపు తిరిగి అడిగింది. ఆయన చూపు కప్పు వైపు తిప్పుకున్నాడు. తర్వాత చిన్న గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు.

కూతురు ఒక్కో వాక్యం ఇంగ్లీషులోకి మారుస్తోంది. కానీ ఆగి ఆగి. ఆమె కూడా ఇది మొదటిసారే వింటోందని నాకప్పుడు అర్థమైంది.

పైన బ్రెజిల్లో వానలు తప్పి నది బాగా తగ్గిపోయిందట. దీవుల మధ్య పాయలు ఎండాయి. ఎప్పుడూ తడిగా ఉండే నేల, రెల్లూ గడ్డీ, చెత్తకాగితంలా ఎండిపోయాయి. పశువులకు కొత్త మేత మొలవాలని పాతగడ్డికి నిప్పు పెట్టడం అక్కడ అలవాటు. మామూలు ఏళ్ళలో నీళ్ళే ఆ మంటను ఆపేవి. ఆ ఏళ్ళలో ఆపలేదు. నేల పైనా కిందా వేళ్ళతో సహా కాలింది. పొగ నది దాటి రొసారియోను కప్పేసింది, జనం కిటికీలు బిగించుకుని లోపల కూర్చున్నారు. "అప్పుడు నేను ఊళ్ళో మీ అత్త దగ్గరున్నానని చెప్పాను కదా, అబద్ధం," అన్నాడు కూతురితో. దీవిలోనే ఉన్నాడు. పక్క గుడిసెలవాళ్ళతో కలిసి తడి గోనెసంచులతో మంటను కొడుతూ గడిపాడు. ఒక ఏడాది కాదు, వరసగా కొన్నేళ్ళు. కాలుతున్న రెల్లులోంచి పందులంత పెద్ద ఎలుకజాతి జంతువులు, పాములు నీళ్ళలోకి పరుగెత్తేవట. కొన్ని చేరేవి కావు.

నర్సు నా మొహం చూస్తోంది. నేను తెలుగులో చెప్పాను.

"అయ్యో! నీళ్ళ మధ్యల మంటలా?" అంది ఆమె. "గంత పొగల ఈ వయసుల ఎందుకు ఉన్నడు తాత?"

ఆ ప్రశ్న కూతురు అప్పటికే అడుగుతోంది, స్పానిష్‌లో, ఏడుస్తూ. దానికి ఆయనేం చెప్పాడో ఆమె అనువదించలేదు. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు ముంగిట్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. తర్వాత ఒక సాయంత్రం దుప్పటి కప్పుకుని ఆయనే వచ్చి కూర్చున్నాడు. "ప్రొఫెసోరా," అని పిలిచి, ఫోన్లోని అనువాద యంత్రం నా ముందు పెట్టాడు. కూతురు లేకుండా మేం మాట్లాడుకోవడం అదే మొదలు. "నీ నది కూడా జబ్బు పడిందా?" అని యంత్రం అడిగింది.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. పైగా బురదలో పడ్డాక దాచడానికేం మిగల్లేదు. ఎండాకాలంలో ధర్మపురి దగ్గర గోదావరి ఎలా ఉంటుందో ఫోన్లో ఫోటోలు చూపించాను. మైళ్ళకొద్దీ ఇసుక. అక్కడక్కడ పచ్చగా పాచిపట్టిన గుంటలు. వాటిలోనే మునక వేసే భక్తులు, వాటి అంచున ప్లాస్టిక్ సంచులు, పాత బట్టలు. ఇసుక ఎత్తుకుపోయే లారీల చక్రాల గుర్తులు. నాకు ఈత రాదని, నది ఇంటికి బస్సు దూరమని కూడా చెప్పాను. అనువాదంలో ఏమైందో, "నాకు బస్సు రాదు" అని వినబడిందట. ఆయన ఓదార్పుగా తలూపాడు.

అక్కణ్ణుంచి మా పోటీ మళ్ళీ మొదలైంది, ఈసారి తిరగేసి. ఆయన నీళ్ళు తగ్గి వేడెక్కితే స్నానాలకు దిగినవాళ్ళ కాళ్ళు కొరికే చిన్న చేపల గురించి చెప్తే, నేను పట్టణాల మురుగు కాలువల గురించి చెప్పాను. ఆయన ధాన్యం ఓడల కోసం నది అడుగు తవ్వేయడం గురించి చెప్తే, నేను ఇసుక తవ్వకం గురించి. రోగం ఎవరి నదికి ఎక్కువ అన్న విషయంలో కూడా నేను ఓడిపోవడానికి ఒప్పుకోలేదు. మా ఆయన లోపల్నుంచి, "ఇద్దరూ కల్సి ఒక దవాఖాన పెట్టుండ్రి!" అన్నాడు.

ఫిబ్రవరిలో పైన బ్రెజిల్లో వానలు పడ్డాయి. అక్కడ రేడియోలో రేవురేవుకూ నీటిమట్టం చదువుతారట. ఆయన రోజూ ఫోన్లో అది పెట్టుకుని వినేవాడు. ఒక ఆడగొంతు ఊళ్ళ పేర్లు, అంకెలు చదువుకుంటూ పోయేది. నేను పక్కన కూర్చుని ఒక్క ముక్క అర్థం కాకుండా వినేదాన్ని. రొసారియో పేరు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరం ఒకేసారి ముందుకు వంగేవాళ్ళం.

నది పెరుగుతోంది, వెళ్ళిపోతానన్నాడు. కూతురు వద్దంది. వాళ్ళ గొడవ గోడ ఇవతలికి వినిపించేది. ఒకరోజు ఆమె నా దగ్గరికొచ్చి, "మీరు చెప్పండక్కా, మీ మాట వింటాడు," అంది. ఇంతకంటే నన్ను ఉబ్బించే మాట లేదు. అట్లాసు పట్టుకుని వెళ్ళాను. మళ్ళీ అనావృష్టి వస్తుందని, నది ఎక్కడికీ పోదని, ఊపిరితిత్తులు మాత్రం తిరిగి రావని, ఒక్క మనిషి గోనెసంచీతో దీవిని కాపాడలేడని పూర్తిగా ఒక పీరియడ్ పాఠం చెప్పాను. కూతురు అనువదించింది. ఆయన చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నాడు.

"నీ గోదావరి దగ్గర నువ్వుండి ఉంటే ఏం చేసేదానివి?" అని అడిగాడు.

ఆలోచించాను. "గట్టుమీద కూర్చుని అందరికీ పాఠం చెప్పేదాన్ని," అన్నాను.

ఆయన నవ్వాడు, జాగ్రత్తగా, దగ్గు రానంత మేరకు. కూతురూ నవ్వింది. ఆ నవ్వులోనే ఒప్పందం కుదిరింది. వెళ్తాడు, కానీ మంటలు రేగే నెలల్లో దీవి వదిలి ఊళ్ళో అత్త ఇంట్లో ఉంటాడు. రోజూ వీడియోలో కనబడాలి, వెనక అత్త ఇంటి గోడ కనబడాలి. మార్చిలో ఆయన్ను విమానం ఎక్కించాం. లోపలికి వెళ్ళే ముందు నా రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టాడు. మా ఆయన బోర్డు మీద విమానాల వేళలు చూడ్డంలో మునిగిపోయాడు.

మాట చాలావరకు నిలబెట్టుకున్నాడు. ఆ ఏడు నీళ్ళు నిలవడంతో మంటలు తక్కువే. అయినా అత్త వంట భరించలేక రెండుసార్లు దీవికి పారిపోయాడట. లాంచీ తాడు మాత్రం ఇప్పుడు మేనల్లుడు లాగుతున్నాడు. దగ్గు పూర్తిగా పోలేదు. పోదని డాక్టర్ ముందే చెప్పాడు.

మరుసటి జనవరిలో మా ఎనిమిదో తరగతికి దక్షిణ అమెరికా పాఠం వచ్చింది. ఆ అమ్మాయిని స్కూలుకు రమ్మని, చివరి పీరియడ్‌లో ఆయనకు వీడియో కాల్ కలిపాం. అక్కడ అప్పుడే పొద్దెక్కుతోంది. పెద్ద తెర మీద టోపీ, రాగిరంగు మొహం, వెనక టీ రంగు నీళ్ళు. నీళ్ళలో ఆకుపచ్చ గుర్రపుడెక్క దిబ్బలు తేలుతూ పోతున్నాయి. దూరంగా ధాన్యం ఓడ ఒకటి, ఎత్తైన గట్టు మీద ఊరు. అల్లరికి పేరుపడ్డ తరగతి నోరు తెరుచుకుని చూసింది. ఒక పిల్ల లేచి, ఆ కొరికే చేపలు మిమ్మల్ని కరిచాయా అని అడిగింది. ఆయన సంతోషంగా చెప్పు విడిచి, పాదం ఎత్తి కెమెరాకు అడ్డంగా పెట్టాడు. బొటనవేలి కొస కొంచెం లేదు. తరగతి కేక పెట్టింది. ఆ కేక ఆగకముందే తెర బిగుసుకుపోయింది, పాదం అలాగే ఉండిపోయింది, తర్వాత కాల్ తెగిపోయింది. ఆ అమ్మాయి ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్ళీ కలవలేదు.

పీరియడ్ ఇంకా సగం మిగిలి ఉంది. నేను పటం విప్పి, సుద్దముక్క తీసుకుని, పరానా ఎక్కడ పుడుతుందో చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు చెయ్యెత్తి, "టీచర్, ఆ తాతను మళ్ళీ పిలవొచ్చు కదా!" అన్నాడు.